చల్లారిన టీ

"అగ్గిపెట్టెలో చీరైనా పడుతుందేమోగానీ, ఈ బుల్లి కంప్యూటర్ పెట్టె పైభాగంలో రేడియేటర్ పట్టదమ్మా!" అని పగలబడి నవ్వాడు, బందరు నుంచి నాగాయలంక వచ్చిన కంప్యూటర్ మెకానిక్ పిచ్చేశ్వరరావు.

దివ్యశ్రీ నవ్వలేదు. "ఆ గుడగుడ చప్పుడు ఆగితే చాలండీ."

"నీళ్ళు చల్లబరిచే రేడియేటర్‌ని ఎవరో అడుగున బిగించారు. గాలంతా పంపులో చేరి గొడవ చేస్తోంది. పైకి మారిస్తే నోరెత్తదు!"

ఒక ఫ్యాను పీకేసి, వేళ్ళు గీరుకుపోయేలా ఇరికించి, గంటలో పని ముగించాడు. పెట్టె పక్కన టీ గ్లాసు కనిపిస్తే, తనకోసమే కాబోలని గటగటా తాగేశాడు. "పెట్టెకే కాదు, టీకీ కూలింగేనా!" అంటూ స్విచ్ వేశాడు.

చప్పుడు లేదు.

వంటింట్లోంచి దివ్యశ్రీ అత్తగారు సత్యవతమ్మ పరుగున వచ్చి, పెట్టెకు చెవి ఆనించింది. "నానీ! పలకవేంరా?"

పిచ్చేశ్వరరావు బిత్తరపోయాడు.

దివ్యశ్రీ గొంతు తగ్గించింది. "మా ఆయనండీ. వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఏడాదైంది. ఇది ఆయన బిగించుకున్నదే. ఇందులోంచి ఆయనే మాట్లాడుతున్నాడని అత్తయ్య రోజూ టీ పెడతారు. కర్మ చెయ్యనివ్వరు. చప్పుడు ఆగితేనైనా ఆయన లేడని నమ్ముతారని మిమ్మల్ని పిలిచాను."

సత్యవతమ్మ ఖాళీ గ్లాసు ఎత్తి చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఇవాళ తాగాడే, అమ్మాయ్! తాగి పడుకున్నాడు. గోల చెయ్యకండి."

మూతి తుడుచుకోబోయిన పిచ్చేశ్వరరావు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.