తెగని టేపు

అమ్మ పోయాక బీరువాలో దొరికిన వీడియో క్యాసెట్‌ను ఆమె, పాత వీడియోలను ఫోన్లోకి ఎక్కించే కొట్టు యజమాని చేతికిచ్చింది.

"వీటిని ఆడించే మిషన్లు ఇప్పుడెక్కడా లేవమ్మా. నా దగ్గర ఇదొక్కటే మిగిలింది. ఫోన్లోకి ఎక్కించేస్తే ఇక ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు," అన్నాడతను.

"బూజు పట్టింది కదా, తెగిపోతుందేమో?"

"భయపడకండి. జాగ్రత్తగా తిప్పుతాను."

మిషన్ క్యాసెట్‌ను లోపలికి లాక్కుని కీచుమంది. ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

తెర మీద ముందు గీతలు కదిలాయి. ఆ తర్వాత కొత్త చీరలో అమ్మ, పక్కనే గౌనులో చిన్నప్పటి తను.

"చూశారా, తెగలేదు!" అన్నాడతను సంబరంగా.

అంతలో కెమెరా వెనకనుంచి నాన్న గొంతు ఉరిమింది. "నవ్వండి! నవ్వమంటున్నది మీక్కాదూ?"

తెర మీద తల్లీకూతుళ్లు ఉలిక్కిపడి నవ్వారు. కుర్చీలో ఉన్న ఆమె కూడా, తనకు తెలియకుండానే నవ్వేసింది.

కాసేపటికి ముఖం తుడుచుకుని మెల్లగా అడిగింది.

"కదిలే అమ్మ నాకు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. అమ్మను ఉంచి, ఆ గొంతు తీసేయగలరా?"