చేతికి తెలిసిన వేడి

గంట నుంచి పొయ్యి భగభగా మండుతోంది. రేడియేటరు మాత్రం రాయిలా చల్లగా ఉంది.

జ్ఞానప్రకాశానికి ఒళ్లు మండిపోయింది. ఆయన కాపురం మదనపల్లెలో, దొరల కాలపు పాత బంగళాలో. వంటింటి కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు ఇనప గొట్టాల్లో వెళ్లి, పక్కగది కిటికీ కింద ఉన్న రేడియేటరును వేడెక్కించి గదిని వెచ్చబరచాలి. ఏళ్ల తరబడి మూలపడ్డ దాన్ని పుంగనూరు ప్లంబరు పెద్దన్న మొన్ననే వచ్చి బాగుచేసిపోయాడు.

సాయంత్రం కూతురు కెజియా బిడ్డతో ఆసుపత్రి నుంచి వస్తోంది. ఎనిమిదో నెలలోనే పుట్టిన బిడ్డ. చలి తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. బయటేమో డిసెంబరు గాలి. గోడల సున్నం ఆరాలని కిటికీలు తెరిచే ఉంచాడు. భార్య జ్ఞానమ్మ పది రోజులుగా కూతురి దగ్గరే ఉంది. ఒంటరి మగాడు, తిండికీ షుగరు మాత్రలకూ వేళాపాళా లేదు.

ఫోన్ చేయగానే పెద్దన్న పరుగెత్తుకొచ్చాడు. వాకిట్లో పడున్న చెప్పొకటి తెచ్చి ఇచ్చాడు.

"ఒంటి చెప్పుతో తిరగతాండావేందినా?"

"చెప్పు సంగతి తర్వాత. ముందు దీన్ని సూడు."

పెద్దన్న రేడియేటరు స్క్రూ వదులు చేశాడు. బుస్సుమని గాలి పోయింది, వెనకే నీళ్లు చిమ్మాయి. వేలు ఇలా తాకించి అలా తీసేశాడు.

"లోపల గాలి చేరిందినా. కాగతాండాది, ఇంగ దిగుల్లేదు."

జ్ఞానప్రకాశం అరచెయ్యి ఆనించాడు. ఏదీ వేడి? రెండో చెయ్యీ ఆనించాడు. ఆసుపత్రి బాయిలరు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన చేతులవి. గొట్టం ముట్టుకుని ఎంత కాగిందో చెప్పేవాడు. మీటరు చూసేవాళ్లను చూస్తే నవ్వేవాడు. అలాంటి ఆయన దగ్గరా బుకాయింపు!

"ఇదేనారా కాగడం?"

పెద్దన్న ఆయన చేతుల వంక చూశాడు. "అన్నా, అదీ..."

"నోర్ముయ్! ఇరవై ఏండ్లు తమ్ముడా తమ్ముడా అని నెత్తిన పెట్టుకుంటినే. నీ పెండ్లి నేను ముందుండి చేస్తినే. నా మనవరాలి పానం కాడ అబద్దం ఆడేదానికి నీకు నోరెట్ల వచ్చిందిరా? యాల చేసినావు నాకిట్ల?"

పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. సొంతమనుకున్నవాడు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

పెద్దన్న ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన విదిలించి కొట్టి, బయటికి నెట్టి తలుపేశాడు. కిటికీలోంచి చూస్తే వాడు గేటు దగ్గర నిలబడి, ఇటే చూస్తూ ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఛీ, ఎంత సిగ్గులేని మనిషి!

జ్ఞానప్రకాశం పొయ్యిలో మరో నాలుగు మొద్దులు తోశాడు. మసి చేతులతోనే మళ్లీ మళ్లీ వచ్చి రేడియేటరు పట్టుకుని చూశాడు. అదే రాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆటో ఆగింది. జ్ఞానమ్మ బిడ్డను కెజియా ఒళ్లోనే వదిలి లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దన్న ఫోన్ చేసినాడు. యాడ, నీ చేతులు సూపించు!"

"వాని పేరెత్తొద్దు నా ముందర! నమ్మించి గొంతు కోసినాడు."

జ్ఞానమ్మ వినిపించుకోకుండా ఆ చేతులు లాక్కుని, మసిని కొంగుతో తుడవబోయి కెవ్వుమంది: రెండు అరచేతులూ కాలి బొబ్బలెక్కి తోలు ఊడివస్తోంది, ఆయనకు మాత్రం చురుక్కుమనను కూడా లేదు.