బిడ్డకు మెడికల్

మేడమ్ బ్రష్షుతో మోచేతి మీద మెల్లగా గీయగానే జంపక్క ఒళ్లంతా బిగుసుకుపోయింది. పక్కనే కూర్చున్న తల్లి సారక్క, ఎక్కడ ఏడుస్తుందోనని బిడ్డ నోటి వైపే చూసింది.

"ఇబ్బందిగా ఉందా పాపా?" అడిగింది మేడమ్.

నాలుగున్నరేళ్ల జంపక్క తల్లి ముఖంలోకి చూసింది. కళ్ల నిండా నీళ్లున్నాయి గానీ ఒక్క చుక్క కింద పడలేదు. లేదన్నట్టు తల ఊపింది. బతికించావు తల్లీ అనుకుంది సారక్క.

ఇల్లందు బొగ్గుబాయి కాలనీలో ఆ రోజు క్యాంపు. హైదరాబాదు నుంచి వచ్చిన నిర్మలాదేవి మేడమ్, ముట్టుకుంటే, చప్పుడైతే, ఉయ్యాల ఊపితే చిన్నపిల్లలు ఏం చేస్తారో చూసి కాగితం మీద రాసుకుంటోంది. "నీ బిడ్డను ఎవలన్న ముట్టుకుంటే బాల్వాడీ లేచిపోయేటట్టు ఒర్లుతది సారక్కా. మేడమ్‌కు సూపియ్యి, ఆమె ఏం రాస్తదో సూద్దాం" అని బాల్వాడీ టీచరు రామక్క వారం కిందటే చెప్పింది.

పరీక్ష చేసి కాగితం మీద రాస్తారంటే ఆ కాలనీలో ఒకటే అర్థం, మెడికల్. ఫిట్ అయితే బాయిలోకి, అన్‌ఫిట్ అయితే ఇంటికి. పోయినేడు సారక్క మొగుడు ముత్యాలు, కంటి డాక్టరు గోడకు తగిలించిన అక్షరాలను వరసగా బట్టీపట్టి గట్టెక్కాడు. అన్‌ఫిట్ రాసి బిడ్డను బాల్వాడీ మాన్పిస్తారన్న భయానికి, మొగుడి దారే పెళ్లానికీ తోచింది. ఆ వారమంతా బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని గోనెసంచితో చేతులు రుద్దింది. చెవి పక్కన సత్తు పళ్లెం మోగించింది. బిడ్డ ఏడిస్తే "అన్‌ఫిట్ అంటరే" అని నోరు మూసి మళ్లీ మొదటి నుంచి. పాపిష్టిదాన్ని అని తనను తాను తిట్టుకుంటూనే రుద్దింది.

"తల దువ్వితే ఏడుస్తుందా?"

"ఏడ్వది మేడమ్. తనే దువ్వెన తెచ్చిస్తది."

"ఇసుకలో నడుస్తుందా?"

"దినామంతా అండ్లనే ఆడుతది."

ఇసుక కాలికి తగిలితే బిడ్డ సొమ్మసిల్లేదాకా ఏడుస్తుందని సారక్కకు తెలుసు. మేడమ్ గంట తీసి పిల్ల చెవి వెనక గణగణా మోగించింది. జంపక్క రెండు చేతులూ తొడల కింద దూర్చుకుని, పళ్లు కరుచుకుని కూర్చుంది. ఆ చిన్న దవడలు వణకడం తల్లికి మాత్రమే కనబడింది.

"బాగుంది" అని మేడమ్ ఏదో రాసి కాగితం పక్కన పెట్టింది.

"ఫిట్టేనా మేడమ్?"

మేడమ్ నవ్వింది. "ఫిట్టే. ఏ లోపమూ లేదు."

సారక్కకు ఏనుగెక్కినంత సంతోషమైంది. బిడ్డను తీసుకుని గుమ్మం దాకా వచ్చింది. కాసేపటికి పరీక్షలన్నీ అయ్యాక అక్కడ రామక్క, మేడమ్ రాసిచ్చిన ఎనిమిది పేర్లు మళ్లీ మళ్లీ చదువుతోంది.

"ఏందక్కా గది?"

"సోమారం కెల్లి ఈ హాల్లనే క్లాసు పెడుతుండ్రు. నీ బిడ్డ అసొంటి పిల్లలకే. ఇద్దరు టీచర్లు ఈడనే ఉండి, ఆటలాడిచ్చుకుంట, ఉయ్యాల ఊపుకుంట నెమ్మదిగ భయం పోగొడ్తరట. ఎనిమిది మందికే జాగ. నీ బిడ్డ పేరు లేదేందే?"

సారక్క బిడ్డను తీసుకుని వెనక్కి తిరిగింది. వచ్చిన దారినే పరుగెత్తింది.

"మేడమ్, నేను అన్నీ అబద్దాలు జెప్పిన! నా బిడ్డ తల దువ్వనియ్యదు, ఇసుకల కాలు వెట్టది, సైరన్ మోగితే మంచం కింద దూరుతది. పేరు రాయుండ్రి మేడమ్, మీ కాళ్లు మొక్కుత!"

మేడమ్ అలసటగా చూసింది. "క్లాసు సంగతి తెలిశాక ఇప్పటికే నలుగురు తల్లులు ఇలాగే వచ్చారమ్మా. ఎవరి మాట నమ్మమంటావు? సరే, కూర్చోబెట్టు. ఇంకొక్కసారి చూస్తాను."

ఈసారి బ్రష్షు గట్టిగా ఆనించి మోచేతి నుంచి మణికట్టు దాకా గీసింది. గంట రెండు చెవుల దగ్గరా మోగించింది. ఇసుక తట్ట తెప్పించి పిల్ల రెండు పాదాలూ అందులో పెట్టింది. ఏడువు బిడ్డా, నీకు దండం పెడతా, ఒక్కసారి ఏడువు అని సారక్క లోలోపల మొత్తుకుంది. జంపక్క ముఖం తెల్లగా పాలిపోయింది. పెదవి మీద పన్ను దిగి ఎర్రగా చుక్క పొడిచింది. నోరు మాత్రం తెరవలేదు.

"ఏడువు జంపీ! ఇప్పుడు ఏడ్వొచ్చు బిడ్డా, అమ్మ ఏమనదే!"

పిల్ల ఇంకా గట్టిగా కళ్లు మూసుకుంది.

"చూశావుగా సారక్కా" అంటూ మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. "నిజంగా అవసరమున్న పిల్లల చోటు లాక్కోవడం న్యాయం కాదమ్మా. వచ్చే ఏడు మళ్లీ వస్తాం, అప్పుడు చూద్దాం."

వచ్చే ఏడు! సారక్క ఇక ఆపుకోలేకపోయింది. అక్కడే కూలబడి, అందరూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా భోరున ఏడ్చింది.

జంపక్క ఇసుకలోంచి దిగి వచ్చింది. ఊహ తెలిశాక తనంతట తాను ఎవరినీ ముట్టుకోని ఆ పిల్ల, అరచేతిని తల్లి నోటికి అడ్డం పెట్టి, మేడమ్‌కు వినబడకుండా చెవిలో చెప్పింది.

"ఏడ్వకు అమ్మా... నిన్ను అన్‌ఫిట్ రాస్తరు."