చూరున్న డబ్బా

కాలిపోయిన స్టార్టర్‌ను యాదవ్వ తెచ్చి నేరుగా కిషన్ రావు టేబుల్ మీదే పెట్టింది. దాంట్లోంచి ఇంకా బురద నీళ్లు కారుతున్నాయి.

“చూడు సారూ, మీ డబ్బా చేసిన పని. మొన్న ఒక్క వాన కొట్టి మాయమైంది. నారుకు నీళ్లు పెడ్దమని బటన్ నొక్కితే ఢమ్మన్నది. అండ్ల చేయి పెడ్తే లోటెడు నీళ్లున్నయ్.”

కిషన్ రావు స్టార్టర్ వంక చూడనే లేదు. గోడవారన కంప్యూటర్ ముందు కూర్చున్న మహిత వంక చూశాడు. మట్టెవాడ సందులోని ఆయన షెడ్డులో పొలం మోటార్ల స్టార్టర్లకు ఇనుప డబ్బాలు చేస్తారు. ఈసారి డబ్బాకు నమూనా గీసింది మహిత.

“ఇన్నవా అమ్మా? గాలాడాలె, గాలాడాలె అని డబ్బాకు రెండు దిక్కుల చీలికలు పెట్టిస్తివి. గాలొచ్చిందో లేదో గని, నీళ్లయితే వచ్చినయ్.”

“ఆ చీలికల నుంచి నీళ్లు రావు సార్,” అంది మహిత. “ఒక్కో చీలిక మీద రేకును కిందికి వంచినం. ఇంటికి చూరు లెక్క. వాన దాని మీద పడి జారిపోతది. లోపలి వేడి బయటికి పోతది.”

“చూరున్న ఇంట్లనే నీళ్లు నిలిచినయ్ బిడ్డా,” అంది యాదవ్వ. “మా పక్క పొలం ఉప్పలయ్యది గూడ మీ డబ్బానే. ఆయనదాంట్ల సుక్క తడి లేదు. నాదే ఎందుకు కాలాలె?”

ఒకే రేకు, ఒకే అచ్చు, ఒకే కొలత. ఒకటి పొడిగా ఉండి, ఇంకొకటి ఎలా మునిగింది? ఎంత ఆలోచించినా మహిత బుర్రకెక్కలేదు.

లేచి, కొత్త డబ్బా ఒకటి గోడకు తగిలించింది. లోపల పాత పేపరు పెట్టి తలుపు మూసింది. పైపు పట్టి పైనుంచి, పక్కల నుంచి, ఏటవాలుగా కుమ్మరించింది. షెడ్డులో సగం తడిసింది, కిషన్ రావు ప్యాంటు కూడా తడిసింది. తలుపు తీస్తే పేపరు పెళపెళలాడుతూ చేతికొచ్చింది.

యాదవ్వ పెదవి విరిచింది. “మీ పైపు వాన వేరు, మా పాలంపేట వాన వేరు.”

కిషన్ రావుకు తిక్క రేగింది. “అయిపోయింది. ఉన్న డబ్బాలన్నిటికీ చీలికలు మూసి వెల్డింగ్ పెట్టిస్త. మహితా, గీతలు గీసుడు ఇయ్యాల్టితోని బంద్. రేపట్నించి కౌంటర్ల కూసో.”

“మూస్తే ఎండకాలం స్టార్టర్లు లోపల్నే ఉడికిపోతయ్ సార్.”

“ఎండకాలం సంగతి ఎండకాలం చూద్దాం.”

కాగితం మీద తను గీసింది ఇనుమై నిలబడటం మహితకు ఇదే మొదలు. ఇదే ఆఖరయ్యేలా ఉంది.

“ఒక్కసారి పొలం కాడికి పోయి చూద్దాం సార్. తప్పు నాదే అని తేలితే, మీరు చెప్పకముందే పోయి కౌంటర్ల కూసుంట.”

కిషన్ రావు గొణుక్కుంటూనే వ్యాను తీశాడు. పాలంపేట దాకా దారి పొడుగునా మహితకు క్లాసు పీకాడు. వెనక కూర్చున్న యాదవ్వకే చివరికి జాలేసి, “పోనియ్యి సారూ, చిన్నపిల్ల” అంది.

బోరు పక్కన రాతి స్తంభానికి డబ్బా బిగించి ఉంది. వ్యాను ఆగీ ఆగకముందే మహిత దిగి, బురదలో చెప్పులు వదిలేసి అక్కడికి వెళ్లింది. చూసింది. వంగి చూసింది. తర్వాత నవ్వు మొదలైంది, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

“సార్, చూరు మొగులు దిక్కు చూస్తాంది.”

డబ్బాను తలకిందులుగా బిగించారు. చీలికలన్నీ ఆకాశానికి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పడిన ప్రతి చుక్కనూ దోసిలి పట్టినట్టు పట్టి లోపలికి పోస్తున్నాయి. మహితకు ప్రాణం లేచొచ్చింది.

కిషన్ రావుకూ లేచొచ్చింది, కాకపోతే కోపం రూపంలో. “ఏందక్కా ఇది? ఖాళీ డబ్బా ఇస్తే బిగించుకునుడు గూడ రాదా? పైదేదో కిందిదేదో తెల్వక పెట్టుకొని, నా షాపుల కొచ్చి నా ఇజ్జత్ తీస్తవా? నీ మాట ఇని ఈ పిల్లను ఉత్తగనే ఇన్ని మాటలంటి.”

“తెల్వక కాదు సారూ,” అంది యాదవ్వ నిదానంగా. “కరెంటు పనిచేసే మొగిలయ్య సీదనే పెడ్తనన్నడు. నేనే వద్దన్న.”

“ఎందుకు వద్దన్నవ్?”

యాదవ్వ కొంగుతో తలుపు మీది బురద తుడిచింది. కింద భద్రకాళి అమ్మవారి స్టిక్కర్ బయటపడింది, నుదుట కుంకుమ బొట్టుతో. ఆ స్టిక్కర్ అంటించనిదే కిషన్ రావు ఏ డబ్బానూ షెడ్డు దాటనివ్వడు. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పడు కూడా. నేల మీద పరిచిన డబ్బాల చుట్టూ తిరుగుతూ, కళ్లు సగం మూసి మంత్రం చదువుకుంటూ, ఒక్కోదానికీ తన చేత్తోనే అంటిస్తాడు.

“మీ షాపుల నుంచి తెచ్చిననాడు తల్లి తలకిందులున్నది సారూ,” అంది యాదవ్వ. “అట్ల నిలవెట్టి ఎట్ల మొక్కుత? అందుకే డబ్బాను తిప్పి పెట్టిచ్చిన.”