లేవని ముల్లు

"ముందు ఇంజన్ విప్పి బాగుచెయ్యాలి. సూపర్‌చార్జరు సంగతి ఆ తర్వాత!" మేస్త్రి స్పానరును బల్ల మీదికి విసిరికొట్టాడు.

కారు యజమానికి చిర్రెత్తుకొచ్చింది. షెడ్డులో అతనికి జెట్టు అని పేరు. ఇంజన్‌లోకి గాలి కుక్కి బండిని ఇంకా ఉరికించే ఆ సూపర్‌చార్జరును డబ్బాతో సహా మోసుకొచ్చాడు మరి.

"విప్పితే బండి రెండు నెలలు నీ షెడ్డులోనే పడుంటుంది. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని! నా ఇంజన్‌కేం రోగం?"

"శబ్దం వింటే తెలియడం లేదూ? లోపలంతా అరిగిపోయింది. దాంట్లోకి ఇంకా గాలి కుక్కితే పగిలి ఊరుకుంటుంది. ముప్పై ఏళ్ల చెవి ఇది!"

మేస్త్రి కోపం ఇంజన్ గురించి మాత్రమే కాదు. పక్కన జెట్టు భార్య నిలబడి ఉంది. ఆమె చంకలో రెండేళ్ల పాప. పాప నుదుటి మీద ప్లాస్టరు. కిందటి వారం ఓ మలుపులో ఈ మహానుభావుడు తోలిన తోలుడికి నాలుగు కుట్లు పడ్డాయట. ఉన్న జోరు చాలక ఇంకా కావాలట! వీడి చెంప పగలగొట్టాలనిపించింది మేస్త్రికి.

"సరే, కంప్రెషన్ చూద్దాం, లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో తేలిపోతుంది. మీటరు చెప్పినట్టు వింటావా?"

"వింటా. కానీ మీటరు నేనే చూస్తా. నిన్ను నమ్మను."

"అయితే అమ్మా, నువ్వు సీట్లో కూర్చో. నేను చెప్పగానే తాళం తిప్పి, ఆక్సిలరేటరు నేలకంటా తొక్కి పట్టు."

"తొక్కకపోతే ఏమవుతుందన్నా?" ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"గాలి అందదు, మీటరు ముల్లు లేవదు. బంగారంలాంటి ఇంజన్ కూడా పాడైపోయినట్టే కనిపిస్తుంది."

ఆమె పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాప ఎర్ర బూట్లతో స్టీరింగును తన్నుతోంది.

మేస్త్రి ప్లగ్గులు విప్పి మీటరు బిగించాడు. ఇంజన్ గరగరమంది. ముల్లు సగం కూడా లేవలేదు. జెట్టు కిటికీ దగ్గరికి ఉరికాడు.

"సరిగ్గా తొక్కి చావు!"

"తొక్కుతున్నాగా! చూడండి!" ఆమె కూడా అరిచింది. పాదం పెడలు మీదే ఉంది. మోకాలు వణికేంత గట్టిగా నొక్కుతోంది.

నాలుగు సిలిండర్లదీ అదే కథ. జెట్టు ముఖం మాడిపోయింది. సూపర్‌చార్జరు డబ్బాను కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"విప్పుకో! నీ కడుపు చల్లగా! రెండు నెలలు బస్సుల్లో తిరుగుతాం!"

ఆమె పాపతో దిగి, మళ్లీ బండిలోకి వంగబోయింది.

"ఇంకా ఏముందక్కడ? నడువు!" అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు జెట్టు.

"చెవి అంటే ఇదిరా!" అన్నాడు మేస్త్రి, షెడ్డులో పనివాళ్లందరికీ వినిపించేలా. కోపం ఇంకా చల్లారలేదు గానీ, గెలిచినందుకు మీసం మెలేశాడు. ప్లగ్గులు మళ్లీ బిగించి, బండిని లోపల పెడదామని ఎక్కి స్టార్ట్ చేశాడు.

ఆక్సిలరేటరు ఎంత తొక్కినా కిందికి దిగకపోతే, తిట్టుకుంటూ వంగి చూశాడు. పెడలు కింద ఎర్ర బూటొకటి బిగించి దూర్చి ఉంది.