జట్టులో మూడో పేరు

"ఆపు. అక్కడ ఆపు. చూడు వీణ్ణి," అన్నాడు ద్వారకానాథ్.

కౌశల్ రిమోట్ నొక్కాడు. టీవీ తెర మీద బేస్‌బాల్ బ్యాటర్ నడుం సగం తిప్పి నిలిచిపోయాడు. హెల్మెట్ నీడలో ముఖం సరిగా కనబడటం లేదు. పొట్ట మాత్రం బాగానే కనబడుతోంది.

"బంతెక్కడుంది?"

"క్యాచర్ గ్లవ్‌లో అంకుల్."

"బ్యాటెక్కడుంది?"

కౌశల్ తెర వైపు వంగి చూశాడు. బ్యాట్ ఇంకా భుజం దగ్గరే ఉంది.

"బస్సు వెళ్ళిపోయాక చెయ్యెత్తే రకం. ఊఁ, పోనీ."

శనివారం మధ్యాహ్నం. సిడ్నీ శివార్లలోని స్కోఫీల్డ్స్‌లో ద్వారకానాథ్ ఇల్లు. మర్నాడే ఫైనల్. అందరూ క్రికెట్టే ఆడితే ఎలా, మనం బేస్‌బాల్ ఆడదామని చుట్టుపక్కల తెలుగువాళ్ళని పోగేసి ఈ టీమ్ పెట్టింది ద్వారకానాథ్. ఇప్పుడు కెప్టెన్ కౌశల్. అయినా ద్వారకానాథ్ ఊఁ అననిదే జట్టు ఖరారు కాదు.

తొమ్మిదిలో ఎనిమిది పేర్లు తేలిపోయాయి. తేలనిది బ్యాటింగ్ వరసలో మూడో స్థానమే. ఒకప్పుడు ఆ స్థానంలో ఈ బ్యాటర్ వస్తున్నాడంటే అవతలి ఫీల్డర్లు కంచె దాకా వెనక్కి జరిగేవాళ్ళు. ఈ సీజన్‌లో ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నించుంటున్నారు.

వీడియో కదిలింది. తెర మీది ముసలాయన మళ్ళీ ఊపాడు. బంతి మళ్ళీ దొరకలేదు. మూడోసారీ దొరక్కపోవడంతో అవుటై, బ్యాటుని ఎగాదిగా చూసుకుంటూ వెనుదిరిగాడు.

"తప్పంతా బ్యాటుదే అన్నట్టు ఆ చూపొకటి," అన్నాడు ద్వారకానాథ్. "దాంతో ఈగలు తోలుకోమను. ఈ దేశంలో ఈగలకి కూడా లోటు లేదు."

కౌశల్ ఇబ్బందిగా కదిలాడు. "మరీ అలా అనకండంకుల్. జస్ట్ వన్ బ్యాడ్ సీజన్. లాస్ట్ ఇయర్ మనల్ని సెమీస్‌కి తీసుకెళ్ళింది ఈ బ్యాటే కదా."

"నిరుటి అన్నం ఇవాళ తింటావా?"

పునుగుల ప్లేటుతో వచ్చిన శాంతి ఆ మాట విని ఆగింది. "ఎందుకండీ అంత కఠినం? మనిషన్నాక వయసు రాదా?" అని భర్తని అడిగింది.

"వయసొచ్చినందుకు కాదు నా బాధ. వచ్చిన సంగతి తెలీనట్టు నటిస్తున్నందుకు."

శాంతి ప్లేటు బల్ల మీద పెట్టి, సోఫా అంచున కూర్చుంది.

"అప్రోచ్ మార్చుకుంటే సరిపోతుందంకుల్," కౌశల్ బతిమాలుతున్నట్టు అన్నాడు. "బ్యాట్ కొంచెం పైకి పట్టుకుని, స్వింగ్ షార్ట్ చేస్తే చాలు. హోమ్ రన్సే కొట్టాలని రూలేం లేదుగా. బాల్‌కి తగిలితే చాలు, ఒక బేస్ వస్తుంది. ఈ ఆర్వో, చీకటి పడేలోపే, గ్రౌండ్‌కెళ్ళి ట్రై చేద్దాం. నేనే పిచ్ చేస్తా."

"అదీ ప్రయత్నించాడు."

"ఎప్పుడు? నేను చూళ్ళేదే."

"ఎవరూ చూడకుండా. గరాజ్ తలుపు దించుకుని. పొడుగు స్వింగుకి చేతులు రావు, పొట్టి స్వింగుకి మనసు రాదు. ఆ రెంటి మధ్య పంచాయితీ తేలేసరికి బంతి దాటిపోతుంది."

శాంతి ద్వారకానాథ్ ముఖంలోకి చూసింది. ఆయన టీవీ వైపే చూస్తున్నాడు.

"మరి మూడో ప్లేస్‌లో ఎవరు?" అన్నాడు కౌశల్.

"జశ్వంత్."

జశ్వంత్ డార్విన్ నగరంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఈ మధ్యే సిడ్నీకి మారిన కుర్రాడు. సీజనంతా బెంచీ మీదే గడిపాడు.

"వాడు చాలా నెర్వస్ అంకుల్. పైగా టీమ్‌లో ఒక్కరు కూడా దీనికి ఒప్పుకోరు. ఇన్నేళ్ళ తర్వాత, ఫైనల్ ముందు పక్కన పెట్టడమంటే... మాకు మొహం చెల్లదు."

"జాలిపడి ఆడిస్తారా? అంతకన్నా తలవంపులు ఇంకేం కావాలి? రేపు బేసుల మీద ఇద్దరుంటారు. వీడు వెళ్ళి గాలికి విసనకర్ర పడతాడు. మిగతా ఎనిమిది మంది సీజనంతా పడ్డ కష్టం గంగలో కలుస్తుంది. జశ్వంత్ పేరు పెట్టు."

కౌశల్ ఫోన్ తీశాడు. ఒక పేరు చెరిపి ఇంకో పేరు టైపు చేయడానికి చాలాసేపు పట్టింది. "ఆర్ యూ ష్యూర్, అంకుల్?" అన్నాడు తలెత్తకుండానే.

"పంపించు. నా మనసు మారకముందే పంపించు."

కౌశల్ గ్రూపులో పెట్టేశాడు. ఒక్క పునుగు కూడా ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. ద్వారకానాథ్ టీవీ కట్టేసి, తీరిగ్గా రెండు తిన్నాడు.

ఆదివారం రౌస్ హిల్ గ్రౌండ్‌లో ఎండ మాడ్చేస్తోంది. మూడో స్థానంలో జశ్వంత్ బ్యాట్ పట్టుకుని వచ్చేసరికి నిజంగానే బేసుల మీద ఇద్దరున్నారు. బ్యాటు మీద పట్టు మూడుసార్లు మార్చుకున్నాడు.

మొదటి బంతి తగల్లేదు. అవతలి జట్టులో ఎవరో నవ్వారు.

రెండో బంతి బ్యాటు అంచుకి తగిలి గీత బయట పడింది.

మూడో బంతికి జశ్వంత్ పొట్టిగా, చప్పుడు లేకుండా ఊపాడు. బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి గడ్డి మీద జారుకుంటూ పోయింది. బేసుల మీదున్న ఇద్దరూ హోమ్ ప్లేట్‌కి చేరి రెండు పరుగులు తెచ్చారు. జశ్వంత్ రెండో బేస్ మీద నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక హెల్మెట్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బెంచీ మొత్తం లేచింది. కౌశల్ మాత్రం ఆట వైపు కాకుండా కంచె వైపు తిరిగి చూశాడు.

అక్కడ శాంతి పక్కన, మామూలు చొక్కాలో లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు, టీమ్ పుట్టిన నాటినుంచి మొన్నటి ఆట దాకా మూడో స్థానంలో బ్యాట్ పట్టిన ద్వారకానాథ్.