ఎత్తని వేలు

సోమవారం ఉదయం ఎనిమిదింటికి, నెబ్రాస్కాలోని ఒక మట్టిరోడ్డు మీద ఎర్ర పికప్ ట్రక్కు ఒకటి దివాకర్ కారుకి ఎదురొచ్చింది. దివాకర్ స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తాడు. ట్రక్కులోని మనిషి ఎత్తలేదు.

ఆ కౌంటీలో ఎదురుపడ్డ ప్రతి బండికీ పలకరింపుగా వేలెత్తుతారు. తెలిసినవాళ్లా కాదా అని చూడరు. దివాకర్ కుటుంబం పిస్కాటవే నుంచి ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైంది. భార్య మనీషా ఊరి ఆస్పత్రిలో డాక్టర్. కూతురు నిధి ఇంకా బడికి వెళ్లడం లేదు. అతనిది ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం. ఈ ఎనిమిది నెలల్లో తమలాంటి మొహం ఇంకోటి అతనికి కనబడలేదు. అయినా మొదటి వారంలోనే ఊరంతా వేలెత్తింది. పాల ట్యాంకర్ డ్రైవర్ ఎత్తాడు. షెరీఫ్ ఎత్తాడు. చర్చి పాస్టర్ ఏకంగా రెండు వేళ్లు ఎత్తాడు.

ఎర్ర పికప్ ఒక్కటే ఎత్తదు.

"ఎండ కళ్లల్లో పడిందేమో," అంది మనీషా ఆ సాయంత్రం.

"మొన్న నా ముందు ట్రాక్టర్ పోతోంది. దానికి ఎత్తాడు. వెనక నన్ను చూసి దించేశాడు. టోపీ కూడా కిందికి లాక్కున్నాడు."

"అది కూడా చూశావా?"

"టోపీ తప్ప ఇంకేం కనబడనిస్తాడు? ఇది క్లియర్‌గా రేసిజమే."

వాళ్లు అద్దెకున్న ఇంటిని ఓనర్ అమ్మేస్తున్నాడు. కొంటారో లేదో శుక్రవారంలోగా చెప్పమన్నాడు. మనీషాకి కొనాలని ఉంది. పెరట్లో వేయడానికి గోంగూర విత్తనాలు కూడా తెప్పించేసింది. దివాకరే తేల్చుకోలేకపోతున్నాడు.

"ఆగస్టు నుంచి నిధి ఆ రోడ్డు మీదే స్కూల్‌బస్ ఎక్కాలి. మనమంటే గిట్టనివాడు ఒక్కడున్నా చాలు. ఫ్రిస్కో వెళ్లిపోదాం మనీ. మనవాళ్లంతా అక్కడే ఉన్నారు."

"ఊరంతా పలకరిస్తుంటే ఒక్కడికి భయపడి పారిపోతావా?"

"మిగతావాళ్లది మర్యాదేమో. మనసులో మాట వీడొక్కడే చెబుతున్నాడేమో."

"అయితే వెళ్లి వాణ్నే అడుగు. నా గోంగూర జోలికి రాకు."

బుధవారం పక్కింటి డోరతీ కోడిగుడ్లు ఇచ్చి పోదామని వచ్చింది. దివాకర్ అన్న పేరు ఆవిడకి నోరు తిరగదు. డేవ్ అంటుంది. అతను పికప్ సంగతి ఎత్తాడు.

"ఎర్రదా? నిక్‌ది! మా పశువుల డాక్టరు. పైఊరు నుంచి వస్తాడు. నువ్వింకా అతన్ని కలవనేలేదా?"

"కలవనిస్తేగా. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు."

"మీకే అలా చేస్తాడు కదూ? నాతో అన్నాడులే," అని డోరతీ నవ్వింది. "మీవాళ్ల సంగతి తనకి బాగా తెలుసంటాడు. ఒక్కసారి పలకరిస్తే చాలట, ఇక వదలరట. ఒక కుటుంబం దిగితే ఏడాది తిరిగేసరికి యాభై కుటుంబాలు దిగుతాయట. ఇంతకుముందు ఫ్రిస్కోలో ఉండేవాడు. అక్కడ మీవాళ్లు ఎక్కువైపోయారనే ఇక్కడికి వచ్చేశాడు."

"ఆ మాట మీతో పైకే అన్నాడా?"

"నాతో ఏమిటి, అందరితోనూ అంటాడు. మేం పడీ పడీ నవ్వుతాం."

ఆ నవ్వే దివాకర్‌కి గుచ్చుకుంది. ఆ రాత్రి అతను సరిగా తినలేదు.

"విన్నావుగా. మనవాళ్లని తప్పించుకోవడానికే ఇంత దూరం వచ్చాడట," అన్నాడు మనీషాతో.

"అయితే ఫ్రిస్కోలో వాడు లేడన్నమాట. మిగతావన్నీ అక్కడ ఉన్నాయి, ట్రాఫిక్‌తో సహా. వాణ్ని అడిగావా, లేదా?"

గురువారం పొద్దున గ్యాస్ స్టేషన్ ముందు ఎర్ర పికప్ ఆగి ఉంది. ఇంజన్ నడుస్తోంది. చలికి అద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి. దివాకర్ తన కారులోనే కాసేపు కూర్చుని, చెప్పదలచిన మాటలు వల్లె వేసుకున్నాడు. తర్వాత వెళ్లి ట్రక్కు అద్దం మీద తట్టాడు.

"సర్, ఈ కౌంటీలో అందరూ అందరికీ వేలెత్తుతారు. మీరు మాకు మాత్రం ఎత్తరు," అన్నాడు ఇంగ్లీషులో. "మేం ఇక్కడ ఇల్లు కొనాలనుకుంటున్నాం. మాకో పాప ఉంది. మేం ఇక్కడ ఉండటం మీకు ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పండి."

అద్దం బెత్తెడు దిగింది. లోపలి టోపీ ఇటు తిరగలేదు.

"ఇష్టం లేక కాదండీ, ఇవాళ వేలెత్తితే రేపు సత్యనారాయణ వ్రతానికి పిలుస్తారు కదా," అన్నాడు నిక్, తెలుగులో.